పదో నోరు

సవతి తమ్ముడు రావాలని తొమ్మిదో అంతస్తు నిర్ణయించింది.

తొమ్మిదో అంతస్తులో ఛానెల్ మేనేజర్ కూర్చుంటాడు. రెండో అంతస్తులో ఆ ఛానెల్ కోసం ఒక కార్టూన్ కుటుంబాన్ని గీసేవాళ్ళు కూర్చుంటారు. నాన్న, అమ్మ, బామ్మ, ఒక కూతురు, ఒక కుక్క. ప్రతి ఆదివారం సాయంత్రం ఆరున్నరకి ఈ కుటుంబం ఇరవై రెండు నిమిషాలు సోఫా చుట్టూ తిరిగి జనాన్ని నవ్విస్తుంది. ఏడేళ్ళయింది. నాన్నకి ఇంకా నలభై రెండే. కూతురు ఇంకా నాలుగో తరగతే. కుక్క చావలేదు.

కథ రాసేది ఒక్కడే. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, ఆఫీసులో అందరికీ రైటర్. తను రాసేదాని మీద అతని అభిప్రాయం ఏమిటో అడగక్కర్లేదు, పెదవులు చూస్తే చాలు. ఎడమ మూల కిందికి దిగి ఉంటుంది. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు దిగింది. మళ్ళీ పైకి ఎక్కలేదు.

"చూసేవాళ్ళు తగ్గుతున్నారు," అన్నాడు మేనేజర్. "కొత్త మనిషి కావాలి. నాన్నకి చిన్నప్పుడే తప్పిపోయిన సవతి తమ్ముడు."

"ఎక్కడ తప్పిపోయాడు సార్?"

"అది నీ పని. వర్షంలో వస్తాడు. తలుపు కొడతాడు. చేతిలో సూట్‌కేసు. జేబులో సగం చిరిగిన ఫొటో."

"మిగతా సగం నాన్న బీరువాలో ఉంటుంది."

"చూశావా, నీకే తట్టింది."

"నాకే కాదు సార్. కుక్కకి కూడా తడుతుంది."

మేనేజర్ నవ్వలేదు. ఆయన నవ్వుల ఛానెల్ నడుపుతాడు, నవ్వడం ఆయన డ్యూటీ కాదు. "ఎందుకొచ్చాడనేది సస్పెన్స్. కిడ్నీ కోసమేమో అని అనుమానం పెట్టు. మూడు ఎపిసోడ్లు ఉంచుదాం. జనానికి నచ్చకపోతే పంపించెయ్."

రైటర్ ఒకటిన్నర రోజులో రాసి పడేశాడు. సవతి తమ్ముడు వచ్చాడు, నాన్న కుర్చీలో కూర్చున్నాడు, కుర్చీ విరిగింది. లేచి బామ్మ పళ్ళసెట్టు మీద కూర్చున్నాడు. అక్కణ్ణుంచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి అందులో ఉన్నవన్నీ తినేశాడు. వర్షం మాత్రం కొత్తగా గీయక్కర్లేదు. నలభయ్యో ఎపిసోడ్‌కి గీసిన వర్షమే ఆ ఇంటి మీద ఆరేళ్ళుగా కురుస్తోంది.

మర్నాడు పదకొండింటికి ఆ స్క్రిప్టు అతని టేబుల్ మీదికి తిరిగొచ్చింది. తెచ్చినావిడని ఆఫీసులో అద్దం అంటారు.

ఆమె నోళ్ళు గీస్తుంది. కార్టూన్‌లో గొంతు ముందు రికార్డు చేస్తారు, నోరు తర్వాత కదుపుతారు. బొమ్మ ఒక్కొక్కదానికి తొమ్మిది నోళ్ళుంటాయి. మ, ప, బ అన్నప్పుడు మూసిన పెదవులు. ఆ అన్నప్పుడు తెరిచిన నోరు. ఊ, ఓ అన్నప్పుడు సున్నా. ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, టేబుల్ మీద అరచేయంత అద్దంలో చూసుకుంటూ, విన్న మాటని తను కూడా అని, ఏ నోరు సరిపోతుందో చూసి అది వేస్తుంది. నాలుగేళ్ళుగా చేస్తున్న పని అదే.

ఆ నాలుగేళ్ళలో ఆమె, రైటర్ మాట్లాడుకున్న మాటలన్నీ కలిపితే పేజీ నిండదు. ప్రింటర్ మాత్రం బాగా అరిగింది. రైటర్ సీటు పక్కనే ఒక ప్రింటర్ ఉంది. అతను హాలు దాటి ఆమె సీటు పక్కనున్న ప్రింటర్‌కే వెళ్తాడు. ఏది తీసినా రెండు కాపీలు తీస్తాడు.

"రైటర్ గారూ, ఒక డౌటు," అంది అద్దం.

"చెప్పండి."

"ఈయన సూట్‌కేసు ఎందుకు తెచ్చాడు?"

"తప్పిపోయినవాళ్ళు సూట్‌కేసుతోనే తిరిగొస్తారు. రూలు."

"కుర్చీ ఎందుకు విరగ్గొట్టాడు?"

"విరిగితే జనం నవ్వుతారు కాబట్టి."

"మీకు ఎంతమంది సవతి తమ్ముళ్ళు?"

"నాకసలు తోడబుట్టినవాళ్ళే లేరండీ."

"చదివితే తెలుస్తోంది లెండి."

రైటర్ పెదవి మూల ఇంకొంచెం దిగింది. "ఇది కార్టూన్ అండీ. దీన్నెవరూ సీరియస్‌గా తీసుకోరు. నేనైతే అస్సలు తీసుకోను."

"మీరు తీసుకోరని ఊరంతా తెలుసు. మా అన్నయ్య తీసుకుంటాడు."

ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"మా నాన్న మొదటి భార్య కొడుకు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు వచ్చాడు. సూట్‌కేసు లేదు, గొడుగుంది. గుమ్మం బయటే నిలబడ్డాడు. బూట్లు విప్పాలో వద్దో తెలీక కిందికి చూస్తున్నాడు. అమ్మ గ్లాసుతో నీళ్ళిచ్చింది. తాగి, వంటింట్లోకి వెళ్ళి ఆ గ్లాసు కడిగి బోర్లించాడు. మా ఇంట్లో తాగిన గ్లాసు ఎవరూ కడగరు, అన్నీ ఒకేసారి అమ్మే కడుగుతుంది. ఆయన మాత్రం ఇప్పటికీ కడుగుతాడు. పదమూడేళ్ళయింది. వచ్చినవాళ్ళు కడుగుతారు, ఇంట్లోవాళ్ళు వదిలేస్తారు."

రైటర్ స్క్రిప్టు దగ్గరికి లాక్కున్నాడు.

"లిఫ్టులు రిపేరు చేస్తాడు. ఆదివారం ఆరున్నరకి ఏ బిల్డింగులో ఎవరు ఇరుక్కున్నా ఇంకొకణ్ణి పంపుతాడు. చివర్లో నా పేరు పడుతుంది కదా, ఒకటిన్నర సెకను. అది పడేదాకా ఇంట్లో ఎవర్నీ మాట్లాడనివ్వడు. ఆయన ముందు ఈ సవతి తమ్ముడు పళ్ళసెట్టు మీద కూర్చోవాలా?"

"నేను..."

"పని చేస్తాను. కానీ ఈ ఎపిసోడ్‌కి నా పేరు వేయొద్దని రాసిచ్చాను. ఇది అవగానే పిల్లల పాటల సెక్షన్‌కి పంపమని కూడా రాశాను. ఏనుగులు, కుందేళ్ళు. వాటికి సవతి తమ్ముళ్ళుండరు."

"ఆ సెక్షన్ ఎక్కడ?"

"వేరే బిల్డింగు. అక్కడా ప్రింటరుంది, కానీ మీరు మీ సీటు పక్కదే వాడుకోండి. దగ్గర."

ఆమె వెళ్ళిపోయింది. రైటర్ తన సీటు పక్కనున్న ప్రింటర్ వైపు చూశాడు. దానికి ప్లగ్గు కూడా పెట్టి లేదు.

ఆ మధ్యాహ్నం అతను స్క్రిప్టు మార్చాడు. కుర్చీ తీసేశాడు, పళ్ళసెట్టు తీసేశాడు. సవతి తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడతాడు. మార్చినది పట్టుకుని తొమ్మిదో అంతస్తుకి వెళ్ళాడు.

"నిలబడితే జోకెక్కడ?" అన్నాడు మేనేజర్.

"జోకు లేదు సార్."

"జారి పడడా?"

"పడడు."

"ఎంతసేపు నిలబడతాడు?"

"ఎవరో ఒకరు లోపలికి రమ్మనేదాకా."

"అప్పటికి జనం అవతలి ఛానెల్లోకి వెళ్ళి కూర్చుంటారు. పాతదే కానివ్వు."

పాతదే అయింది. మర్నాడు రికార్డింగు. సవతి తమ్ముడి గొంతుకి మనిషి ఇంకా దొరకలేదు. అలాంటప్పుడు ఆఫీసులో ఎవరో ఒకరు తాత్కాలికంగా చదివేస్తారు, ఆ గొంతుకి నోళ్ళు కదిపి పై అంతస్తుకి చూపిస్తారు, వాళ్ళు సరేనన్నాక అసలు మనిషి వచ్చి మళ్ళీ చెబుతాడు. రైటర్‌ని చదవమన్నారు.

గాజు గోడకి అవతల సౌండ్ ఇంజినీరు ఒక దవడ పట్టుకుని కూర్చున్నాడు. పన్ను పీకించుకోవడానికి ఆయనకి నాలుగింటికి అపాయింట్‌మెంటు.

"అన్నయ్యా, నన్ను గుర్తుపట్టలేదా? నేను నీ తమ్ముణ్ణి," అని చదివాడు రైటర్. కాగితం పక్కకి పెట్టి, అదే గొంతుతో అన్నాడు. "ఎలా గుర్తుపడతావులే. నిన్నటిదాకా నేను లేను."

"తర్వాతది," అన్నాడు ఇంజినీరు.

"అబ్బ, ఎంత చక్కటి ఇల్లు." చదివి, కాస్త ఆగాడు. "ఏడేళ్ళుగా అదే సోఫా. నలుగురు మనుషులు, ఒక్కరు కూడా పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. గుమ్మంలో మనిషి తడుస్తుంటే జోకులేస్తారా? నీళ్ళివ్వరా?"

"తర్వాతది."

"ఈ కుర్చీలో కూర్చోనా?" మళ్ళీ ఆగాడు. "వద్దు. ఇది విరుగుతుంది. విరగాలని ఆ తలమాసిన రైటరెవడో రాశాడు."

"మధ్యలో ఇవన్నీ ఎవరికి గురూ?"

"ఎవరికీ కాదు. తర్వాత కట్ చేసెయ్."

"చేస్తాలే," అని ఇంజినీరు దవడ ఇంకో చేత్తో పట్టుకున్నాడు. మూడున్నరకి లేచి వెళ్ళాడు. రికార్డింగు ఆపడం మర్చిపోయాడు. గదిలో ఒంటరిగా మిగిలిన రైటర్, కాగితాలు సర్దుకుంటూ, ఇంకో మాట కూడా అన్నాడు. మెల్లిగా అన్నాడు. టేపులో అది నాలుగు సెకన్లు.

పన్నుతో పాటు ఇంజినీరుకి జ్వరం కూడా వచ్చింది. నాలుగు రోజులు రాలేదు. టేపు ఎవరూ కట్ చేయలేదు, ఉన్నది ఉన్నట్టు నోళ్ళ సెక్షన్‌కి వెళ్ళింది.

ఆ సెక్షన్ గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. టేపులో ఉన్నదే గీయాలి. రెండేళ్ళ క్రితం ఎవరో బామ్మ దగ్గుని ఒకదాన్ని వదిలేస్తే, బామ్మకి గొంతిచ్చే ఆవిడ వచ్చి ఆ దగ్గులో తన నటనంతా ఉందని సగం రోజు పోట్లాడింది. కాగితం అప్పటిది.

అద్దం పదిహేడు రోజులు టేపు వింది. నోళ్ళు వేసింది. ఎవర్నీ ఏమీ అడగలేదు.

పదో రోజో పదకొండో రోజో రైటర్ ప్రింటర్ దగ్గరికి వచ్చాడు. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని అద్దంలో చూసుకుంటోంది. ఆమె పెదవి ఎడమ మూల కిందికి దిగింది. అతను అద్దంలో అది చూశాడు. ఆ ముఖం ఎవరిదో అతనికి బాగా తెలుసు, రోజూ గడ్డం గీసుకునేటప్పుడు చూస్తాడు.

"నన్ను వెక్కిరిస్తున్నారా?"

ఆమె ఒక చెవి తెరిచింది. "డ్యూటీ చేస్తున్నాను. మీ గొంతుకి తొమ్మిది నోళ్ళు చాల్లేదు. పదోది గీయాల్సొచ్చింది."

"స్క్రిప్టులో అంత ఏముంది?"

"స్క్రిప్టులో ఏమీ లేదు," అని చెవి మూసుకుంది.

శుక్రవారం మూడింటికి తొమ్మిదో అంతస్తులో చూపించారు. మేనేజర్ ముందు వరసలో, దర్శకుడు ఆయన పక్కన, మిగతావాళ్ళు వెనకాల. ఈ దశలో బొమ్మల చేతులూ కాళ్ళూ కదలవు, నోళ్ళే కదులుతాయి.

తెర మీద నలభయ్యో ఎపిసోడ్ వర్షం కురిసింది. తలుపు తెరుచుకుంది. సవతి తమ్ముడు "అన్నయ్యా, నన్ను గుర్తుపట్టలేదా?" అన్నాడు. ఆగాడు. పెదవి ఎడమ మూల కిందికి దిగింది.

"ఎలా గుర్తుపడతావులే. నిన్నటిదాకా నేను లేను."

వెనక వరసలో రైటర్ కుర్చీ అంచుకి జరిగాడు. దర్శకుడు స్క్రిప్టు తిరగేశాడు, ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి. తెర మీద సవతి తమ్ముడు సోఫా గురించి చెప్పాడు, పుస్తకాల గురించి చెప్పాడు, నీళ్ళడిగాడు. నాన్న, అమ్మ, బామ్మ నోళ్ళు మూసుకుని నిలబడ్డారు. వాళ్ళకి అక్కడ మాటలు రాయలేదు.

"ఈ కుర్చీలో కూర్చోనా? వద్దు. ఇది విరుగుతుంది. విరగాలని ఆ తలమాసిన రైటరెవడో రాశాడు."

ముందు వరసలోంచి ఒక శబ్దం వచ్చింది. దగ్గు అనుకున్నారు. మేనేజర్ నవ్వుతున్నాడు.

చివర్లో సవతి తమ్ముడు గుమ్మంలో ఉండగా బొమ్మ నిలిచిపోయింది. గొంతు లేదు. నోరు మూసి ఉంది. ఎడమ మూల మాత్రం పైకి లేచి ఉంది. నాలుగు సెకన్లు.

"ఇక్కడేంటి, మాటల్లేవు?" అన్నాడు మేనేజర్.

"వర్షం వింటున్నాడు సార్," అంది అద్దం.

"బాగుంది. మిగతావి స్క్రిప్టులో ఉన్నాయా?"

దర్శకుడు రైటర్ వైపు చూశాడు. రైటర్ ఇంజినీరు వైపు చూశాడు. ఇంజినీరు దవడ పట్టుకున్నాడు, ఆ పన్ను అక్కడ లేకపోయినా.

"టేపులో ఉన్నాయి సార్," అంది అద్దం. "మాకు టేపే రూలు."

మేనేజర్ అక్కడికక్కడే పైవాళ్ళకి ఫోన్ చేశాడు. "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను సార్, ఈ సవతి తమ్ముడు అందరిలాంటివాడు కాకూడదని," అన్నాడు. కొత్త గొంతు వెతకొద్దన్నాడు. కుర్చీ విరగడం, పళ్ళసెట్టు, ఫ్రిజ్ తీసేయమన్నాడు. సూట్‌కేసు పాత ఐడియాలా ఉందని, అదెవరు పెట్టారని అడిగాడు.



ఐదున్నరకి కింద వర్షం పడుతోంది. కొత్త వర్షం, ఎవరూ గీయనిది. అద్దం మెట్ల దగ్గర గొడుగు తెరవడానికి తంటాలు పడుతోంది. రైటర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. అతనికి గొడుగు లేదు.

"టేపులో ఉన్నదే గీయాలని రూలు కదా," అన్నాడు.

"అవును."

"నాలుగు సెకన్లు వదిలేశారు."

"వదల్లేదే. గీశాను."

"నోరు మూసుంది."

"పదో నోరే. తలకిందులు చేశాను."

రైటర్ వర్షం వైపు చూశాడు. "మరి గొంతు?"

"అది జనానికి చెప్పింది కాదు కదా. తీసి దాచాను."

"ఎన్నిసార్లు విన్నారు?"

"పనిలో భాగంగా ఇరవై సార్లు."

"పనిలో భాగం కాకుండా?"

"అది మీకనవసరం." గొడుగు తెరుచుకుంది. "అందులో మీ గొంతు గొణుగుతున్నట్టుంది. మైకు లేకుండా ఇంకోసారి చెప్పండి, సరిగ్గా విన్నానో లేదో చూసుకోవాలి."

రైటర్ గొంతు సవరించుకున్నాడు. రెండొందల పదకొండు ఎపిసోడ్లు రాసినవాడికి ఒక్క వాక్యం చెప్పడానికి టైము పట్టింది.

"అద్దం వెళ్ళిపోతే ఇంక ప్రింటర్ దగ్గరికి ఎవరికోసం వెళ్ళాలి."

"ఇంతేనా?"

"టేపులో ఇంతే ఉంది."

"నాలుగేళ్ళు తిరిగి తిరిగి రెండేసి కాపీలు తీసి, చివరికి ఈ నాలుగు సెకన్లా? అది కూడా ఎవరూ లేనప్పుడు?"

"మీరంటే నాకిష్టం," అన్నాడు రైటర్.

ఆమె అతని ముఖం వైపు చూసింది. పని చేసేటప్పుడు చూసే చూపే, కాకపోతే ఈసారి పెదవుల దగ్గర ఎక్కువసేపు ఆగింది.

"ఈ నోరు చార్టులో లేదు," అంది.

"పాటల సెక్షన్ సంగతి?"

"కాగితం ఇంకా వాళ్ళ టేబుల్ మీదే ఉంది. ముందు మా అన్నయ్య ఎపిసోడ్ చూడాలి. ఆయన మధ్యలో టీవీ కట్టేశాడంటే నేను కుందేళ్ళ దగ్గరికి వెళ్తాను."

"కట్టేయకపోతే?"

"గొడుగు కిందికి రండి. తడుస్తున్నారు."

ఎపిసోడ్ పూర్తవడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆదివారం ఆరుంపావుకి రైటర్ అద్దం వాళ్ళింటి గుమ్మంలో నిలబడి, బూట్లు విప్పాలో వద్దో తెలీక కిందికి చూశాడు.

"అక్కడే విప్పెయ్యండి, పర్లేదు," అని లోపల్నుంచి ఒకాయన వచ్చాడు. నలభై దాటినవాడు, వేళ్ళ సందుల్లో సబ్బుకి పోని గ్రీజు. గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. ఇంకో గ్లాసు తనకి పోసుకున్నాడు. సోఫాలో అద్దం వాళ్ళ నాన్న ఉన్నాడు, పక్కన చోటుంది. అన్నయ్య అందులో ఎప్పుడూ కూర్చోడు, రైటర్‌ని కూర్చోమన్నాడు. తలుపుకి దగ్గరగా ఒక స్టూలుంది, తను దాని మీద కూర్చున్నాడు. వంటింట్లో అద్దం వాళ్ళ అమ్మ గిన్నెల చప్పుడు.

ఆరున్నరకి మొదలైంది. తెర మీద తలుపు తెరుచుకుంది. సవతి తమ్ముడు చేతిలో సూట్‌కేసు లేదు.

అన్నయ్య ముందుకి వంగాడు. సోఫా జోకుకి నవ్వలేదు. పుస్తకం జోకుకి నవ్వలేదు. నీళ్ళివ్వరా అన్నప్పుడు రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు. అద్దం రైటర్ వైపు చూడలేదు. రైటర్ ఖాళీ గ్లాసు వైపు చూస్తున్నాడు.

అన్నయ్య సౌండ్ పెంచాడు.

కుర్చీ దగ్గర ఒకసారి నవ్వాడు, గట్టిగానే. నాన్న ఉలిక్కిపడి నిద్ర లేచాడు. చివర్లో నాలుగు సెకన్లు వచ్చినప్పుడు తల తిప్పాడు.

"నోరు మూసుకున్నాడేంటమ్మా? మాట మర్చిపోయాడా?"



"లేదండీ," అన్నాడు రైటర్. "వేరే చోట చెప్పేశాడు."

అన్నయ్య అతన్ని చూశాడు, చెల్లెల్ని చూశాడు. పేర్లు మొదలయ్యాయి. అందర్నీ మాట్లాడొద్దని చెయ్యెత్తాడు. ఎవరూ మాట్లాడడం లేదు, అయినా ఎత్తాడు. ఒకటిన్నర సెకను పాటు ఆమె పేరు పడింది. ఎవరు ఎప్పుడు చెప్పి వేయించారో, వేయొద్దన్న కాగితం ఏమైందో ఎవరూ అడగలేదు. అన్నయ్య చెయ్యి దించాడు.

"మొత్తం ఎపిసోడ్ నిలబడే ఉన్నాడండీ పాపం," అన్నాడు రైటర్‌తో. "వచ్చే వారమైనా కూర్చోబెట్టండి."

"కూర్చోబెడతానండీ."

"విరగని కుర్చీలో."

"అలాగేనండీ."

రైటర్ లేచాడు. తన గ్లాసు తీసుకుని వంటింటి వైపు నడిచాడు. తన గ్లాసుతో అన్నయ్య ముందే సింకు దగ్గరున్నాడు, కుళాయి తిప్పబోతూ. రైటర్ చేతిలో గ్లాసు చూసి అన్నయ్య ఆగాడు.

"అందులో పడెయ్యండి," అన్నాడు. "మనింట్లో గ్లాసులు ఎవరూ కడగరు."

అద్దం వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది. అన్నయ్య కుళాయి మీంచి చెయ్యి తీసేశాడు. చేతిలో ఉన్న తన గ్లాసు వైపు కాసేపు చూసి, దాన్ని కూడా సింకులో పెట్టాడు. వచ్చి సోఫాలో నాన్న పక్కన కూర్చున్నాడు. స్టూలు రైటర్‌కి మిగిలింది.

రెండు నిమిషాల తర్వాత, పెరట్లోంచి వంటింట్లోకి తిరిగొచ్చిన అమ్మ గొంతు వినిపించింది.

"ఈ గ్లాసులెవరివిరా? తాగింది కడిగి పెట్టాలన్న జ్ఞానం లేదా ఒక్కడికీ?"

రైటర్ లేవబోయాడు. అద్దం అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

అన్నయ్య కూడా లేవలేదు. ఛానెల్ మార్చాడు.